మాఘమాసం పెళ్ళిళ్ళు, పక్కింటి వదిన క్రీములు

మాఘమాసం ముహూర్తాలు పడ్డాయంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. ఒకటి ఫంక్షన్ హాల్ దగ్గర పార్కింగ్ గొడవ. రెండోది "బ్రైడల్ గ్లో కిట్, ఐదు ఐటమ్స్, నెలాఖరు వరకే ఆఫర్, కావాల్సినవాళ్ళు పర్సనల్‌గా మెసేజ్ చేయండి". పంపేది ముక్కూ మొహం తెలియని మనిషి కాదు. పొద్దున పాలప్యాకెట్ దగ్గర పలకరించే వదిన, పిల్లాడి క్లాస్‌మేట్ వాళ్ళమ్మ, పాత ఆఫీసులో పక్క సీటు అమ్మాయి. చిక్కంతా అక్కడే. షాపులో అయితే డబ్బా తిప్పి చూస్తాం, డేటు చదువుతాం, నచ్చకపోతే అక్కడే పెట్టేసి వచ్చేస్తాం. వదిన టీ ఇచ్చి, మన చెయ్యి పట్టుకుని క్రీము రాసి చూపించాక డేటు అడగాలంటే నోరు రాదు.

ఏడాదిన్నర పాటు ఆ వదినని నేనే, షాపుల్లో కాకుండా మాలాంటివాళ్ళ చేత తెలిసినవాళ్ళకి అమ్మించే ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ తరఫున. అందుకే ఈ జాగ్రత్తలు కొన్న మనిషిగా కాక, అమ్మిన మనిషిగా చెబుతున్నాను. కంపెనీలన్నీ మోసమనీ, క్రీములన్నీ విషమనీ అనను. నేను అమ్మినవాటిలో ఒక మాయిశ్చరైజర్ నిజంగానే బాగుండేది. కాకపోతే అలాంటిదే మెడికల్ షాపులో మూడో వంతు ధరకి దొరుకుతుందని మానేశాక తెలిసింది.

ముందు నెలాఖరు సంగతి చెప్తాను, ఎందుకంటే బయటివాళ్ళకి ఇది కనపడదు. మాకు ప్రతి నెలా ఇన్ని పాయింట్లు, అంటే ఇంత అమ్మకం, చేయాలని ఉంటుంది. చేయకపోతే కమిషన్ తగ్గుతుంది, లెవెల్ పోతుంది, అప్‌లైన్ మేడమ్, అంటే ఈ గొలుసులో మా పైన ఉండే ఆవిడ, ఫోన్ మీద ఫోన్ చేస్తుంది. ఇరవై ఎనిమిదో తేదీ దాటాక అమ్మినవి చాలక, మిగతా సరుకు మేమే కొనుక్కునేవాళ్ళం. ఆ డబ్బాలు ఎక్కడికి పోతాయి? కొన్ని బీరువాలోకి, కొన్ని స్కూటీ డిక్కీలోకి. ఖమ్మం ఎండల సంగతి తెలిసిందేగా. ఒక మే నెలలో డిక్కీలో మర్చిపోయిన సన్‌స్క్రీన్ మూత తీస్తే పైన నూనె తేలింది, కింద విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా ఉంది. దాని ఎక్స్‌పైరీకి ఇంకా పది నెలలుంది. డేటు బాగుంది కదా అని దాన్ని ఎవరికైనా అంటగట్టి ఉండేదాన్నేమో, ఆ రోజు మూత తీయకపోతే.

కాబట్టి నెలాఖరులో వచ్చిన ఆఫర్‌ని ఒకటో తేదీ దాటేదాకా ఆపండి. "జీతం పడ్డాక చూస్తా వదినా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ తర్వాత కూడా మీకు కావాలనిపిస్తే తీసుకోండి. తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: ఇది నా కోసం కొత్తగా ఆర్డర్ పెడతావా, ఇంట్లో ఉన్నది ఇస్తావా? ఇంట్లో ఉన్నదయితే సీలు చూసి, ఏ నెలలో తెప్పించిందో, ఎక్కడ పెట్టిందో అడిగి తీసుకోండి.

డబ్బా మీద ఏముండాలి

మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్ 2020 అని ఉన్నాయి. వాటి ప్రకారం తయారుచేసినవాళ్ళ పేరు, అడ్రసు, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్స్ నంబరు, ఏ తేదీలోపు వాడాలో, అందులో కలిపినవి ఏమిటో లేబుల్ మీద ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ళ పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు కూడా ఉండాలి. తేదీ ఉన్నచోట ఒక స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ కనిపిస్తే గోటితో ఒక మూల గీకి చూడండి. అమ్మే మనిషి ముందే గీకండి, పర్వాలేదు.

అట్టపెట్టె లేని డబ్బా వద్దు. పెద్ద డబ్బాలోంచి చిన్న డబ్బీల్లోకి తీసి "ట్రయల్" అని పంచేది అసలు వద్దు. వేళ్ళు పెట్టి తీసిన క్రీములో ఏం పెరుగుతోందో ఎవరికి తెలుసు? "మా అత్తయ్య ఇంట్లోనే చేస్తుంది, ప్యూర్ నేచురల్" అనే ఫేస్ క్రీములదీ అదే సంగతి. లైసెన్స్ నంబరు లేకుండా అమ్మకానికి తయారు చేయకూడదు, ఎంత కుంకుమపువ్వు వేసినా సరే.

గల్ఫ్ నుంచి వచ్చే డబ్బాల గురించి విడిగా చెప్పాలి. కడప, కోనసీమ, కరీంనగర్ వైపు కువైట్‌లోనో దుబాయ్‌లోనో మనిషి లేని వీధి తక్కువ. వచ్చేటప్పుడు సూట్‌కేసులో నాలుగు తెలుపు క్రీములు తెస్తారు, ఊళ్ళో ఒకరి నుంచి ఒకరికి అమ్మకం మొదలవుతుంది. వాటి మీద దిగుమతిదారు పేరు ఉండదు. వారంలో రంగు వస్తుందని మాత్రం నోటిమాటగా వస్తుంది.

వారంలో రంగు రావడానికి సాధారణంగా రెండే దారులు. ఒకటి పాదరసం. చర్మంలో రంగు తయారవకుండా అది అడ్డుపడుతుంది, అక్కడితో ఆగకుండా ఒంట్లోకి ఇంకి కిడ్నీలని పట్టుకుంటుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రికి 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో 22 మంది వచ్చారు. అందులో 15 మందిది మామూలుగా అరుదుగా కనిపించే రకం. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్ళే. కాళ్ళవాపులు, మూత్రంలో నురగ, ప్రొటీన్ పోవడం. క్రీము ఆపాక చాలామందికి తగ్గింది. అక్కడి డాక్టర్లు ఈ వివరాలు కిడ్నీ ఇంటర్నేషనల్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. కళ్ళకి పెట్టుకునే వాటిని పక్కనపెడితే, కాస్మెటిక్స్‌లో పొరపాటున కలిసే పాదరసం కూడా పది లక్షల పాళ్ళలో ఒక పాలు దాటకూడదని మన రూల్స్ చెబుతున్నాయి. తువ్వాలు, దిండు గలేబుల ద్వారా అది పక్కన పడుకునే పిల్లలకీ చేరుతుంది.

మామూలు ఇంట్లో దీన్ని పట్టుకోవడం కష్టం. లేబుల్ మీద మెర్క్యురీ, మెర్క్యురిక్, కాలోమెల్ లాంటి మాటలుంటే వెంటనే వదిలేయండి. ఇంకో గుర్తు: బంగారం, వెండి, అల్యూమినియం, రబ్బరు తగలనివ్వకండి అని డబ్బా మీదో కాగితం మీదో రాసి ఉండటం. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది కాబట్టి అలా రాస్తారు. మెడలో నానుతాడు, చేతికి గాజులు వేసుకోబోయే పెళ్ళికూతురికి ఇలాంటి క్రీము కొనిచ్చే ముందు ఆ కాగితం చదవండి.

రెండో దారి స్టెరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ ఇలాంటి పేర్లు. అవి మందులు, డాక్టరు రాస్తే వాడాల్సినవి. 2018లో ఇలాంటి పూత మందులు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం గట్టిగా చెప్పింది. అయినా ట్యూబులోంచి తీసి కోల్డ్ క్రీములో కలిపి డబ్బీలో ఇచ్చేవాళ్ళు ఉన్నారు. మొదటి పది రోజులు మొహం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎండలోకి వెళ్తే మంట, బుగ్గల మీద సన్నని ఎర్రని నరాలు, నూగు వెంట్రుకలు. ఆపితే ఎర్రగా పొంగుతుంది, అందుకని మళ్ళీ రాస్తారు. ఇప్పటికే ఇలాంటిది నెలల తరబడి వాడుతూ ఉంటే మీరే ఆపి చూడకండి. డబ్బీ పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

స్టీలు పళ్ళెం

డెమోల్లో నాకు బాగా పేరు తెచ్చింది పీలింగ్ జెల్. చెంప మీద రాసి వేలితో రుద్దితే బూడిదరంగు పోగులు రాలేవి. "చూశావా, ఎంత డెడ్ స్కిన్!" అనేదాన్ని. చూసినవాళ్ళ మొహాలు అదోలా అయిపోయేవి, వెంటనే ఆర్డర్. ఒకసారి వంటింట్లో చెయ్యి జారి ఆ జెల్ కడిగిన స్టీలు పళ్ళెం మీద పడింది. తుడుద్దామని వేలితో రుద్దితే అవే పోగులు. పళ్ళేనికి డెడ్ స్కిన్ ఎక్కడిది? జెల్‌ని చిక్కగా చేసే పదార్థమే రుద్దితే ఉండలు కడుతుంది. చర్మం మీద మురికి కాస్త అంటుకుని రంగు మారుతుంది, అంతే. నేను అప్‌లైన్‌కి చెప్తే "కస్టమర్ ముందు పళ్ళెం పెట్టకు" అంది. మీరు పెట్టండి.

రాయగానే తెల్లగా మెరవడం కూడా అలాంటిదే, సన్నని తెల్లటి పొడి, సిలికాన్ పని. బిఫోర్ ఆఫ్టర్ ఫొటోల గురించి నేను చెప్పక్కర్లేదు, కిటికీ ఎటువైపు ఉందో చూసుకోండి.

ముహూర్తానికి ముందు

పెళ్ళి ముందు ఆఖరి నెల రోజుల్లో మొహానికి కొత్తదేదీ మొదలుపెట్టకండి, బ్రాండు ఏదైనా సరే. అంతకంటే ముందయితే ఒక్కొక్కటే. ఐదు ఐటమ్స్ కిట్ ఒకేసారి వాడి మొహం పొక్కితే ఏది పడలేదో కనిపెట్టడం దేవుడి వల్ల కూడా కాదు. మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత మేర రోజుకి రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు లేకపోతే అప్పుడు మొహం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు రెటినాల్, హైడ్రోక్వినోన్ ఉన్నవి డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు. చిన్న పిల్లలకి ఈ కిట్లేవీ వద్దు.

ఇక మా తోటికోడలు. దాని చెల్లెలి పెళ్ళికి వాడుకోమని దానికి నేనే ఇచ్చాను కిట్. నాలుగో రోజు రాత్రి ఫోటో పంపింది, రెండు బుగ్గలూ కందిపోయి, కళ్ళ కింద ఉబ్బి. "అక్కా, మండుతోంది, ఆపేయనా?" నాకు భయమేసి అప్‌లైన్‌కి ఫోన్ చేశాను. "టాక్సిన్స్ బయటికొస్తున్నాయి, మంచి సూచన, డోసు పెంచమను." నేను అదే మాట చెప్పాను. అది నమ్మింది, ఎందుకంటే చెప్పింది నేను కాబట్టి. పెళ్ళి ఫొటోల్లో అది అన్నిటిలోనూ పక్కకి తిరిగి నిలబడింది.

చర్మం మండితే అది వద్దంటోందని అర్థం. ఎవరేం చెప్పినా ఆపండి, చల్లటి నీళ్ళతో కడగండి, దాని మీద ఇంకో క్రీము రాయకండి. ఉబ్బు కళ్ళదాకా, పెదాలదాకా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్ళండి.

"నువ్వు కూడా జాయిన్ అవ్వు"

మూడో ఆర్డర్ తర్వాత ఈ మాట రాకుండా ఉండదు. 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు. మనుషుల్ని చేర్పించినందుకే డబ్బు వచ్చే పిరమిడ్ పథకాలు నిషేధం. అమ్మడానికి ఇంటికి వచ్చే మనిషి ఐడీ కార్డు తేవాలి, ముందు చెప్పి రావాలి, బిల్లివ్వాలి, వాపసు పద్ధతి వివరించాలి. నేను ఏడాదిన్నరలో ఐడీ కార్డు ఎవరికీ చూపించలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఎవరైనా "ముందు ఇరవై వేల సరుకు తీసుకో, ఐడీ యాక్టివేట్ అవుతుంది" అంటే అది ఫీజుకి మరో పేరు. లెక్క వేసేటప్పుడు అమ్మిన డబ్బు కాదు, ఇంట్లో మిగిలిన డబ్బాలు లెక్కపెట్టండి. నా దగ్గర చివరికి పదకొండు మిగిలాయి.

కొన్న రోజే మూడు పనులు చేయండి. పెట్టె నాలుగు వైపులా ఫోటో తీయండి. ఫోన్‌పేలో డబ్బు పంపేటప్పుడు మెసేజ్ దగ్గర వస్తువు పేరు రాయండి. పేరు లేని ఐదు వేలు తర్వాత చేబదులైపోతుంది. కంపెనీ పేరుతో బిల్లు అడగండి. గొడవ వస్తే ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పంపాలి. ఆ రూల్స్ ప్రకారం 48 పనిగంటల్లో అందిందని జవాబివ్వాలి, మామూలుగా నెలలో తేల్చాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. లేబుల్ లేని క్రీము, పాదరసం అనుమానం అయితే మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పండి. కోపంలో డబ్బా చెత్తబండిలో పడేయకండి. మూత బిగించి ప్లాస్టిక్ కవర్లో కట్టి పిల్లలకి అందనిచోట పెట్టండి, ఇన్‌స్పెక్టర్ మొదట అడిగేది దాన్నే.