కొలెస్ట్రాల్‌కి ఇసబ్‌గోల్ కిటుకు
ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, కాస్త ఎక్కువుందని రిపోర్టు వస్తే వెంటనే ఖరీదైన క్యాప్సూల్స్ వెంట పడకండి. ముందు ఇసబ్‌గోల్ పొట్టు తెచ్చుకోండి. గ్లాసుడు నీళ్లలో ఒక చెంచా వేసి కలిపి చూడండి, కాసేపట్లో జిగురుజిగురుగా చిక్కబడుతుంది. పేగుల్లోనూ అదే జరుగుతుంది. ఆ జిగురు పిత్తరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్లీ పిత్తం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. అంతే కిటుకు.

చెంచాతో మొదలుపెట్టి మెల్లగా రోజుకు 10 గ్రాముల దాకా వెళ్లండి. ఒక్కసారే పెంచితే కడుపుబ్బరం ఖాయం. కలిపిన వెంటనే తాగేయాలి, ఆలస్యమైతే గొంతు దిగదు. వేరే మందులేవైనా వాడుతుంటే రెండు గంటలు ఎడం ఉంచండి. ఓట్స్, బార్లీ కూడా ఇలా జిగురుతో పనిచేసేవే. వెన్న తగ్గించి ఆ స్థానంలో నూనె వాడితే ఇంకా మంచిది.

చేపనూనె మాత్రలు ట్రైగ్లిజరైడ్స్‌కి, అంటే రక్తంలోని మరో రకం కొవ్వుకి, పనికొస్తాయి గానీ ఎల్‌డీఎల్‌ని తగ్గించవు. ఇక ‘సహజం’ అంటూ అమ్మే రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్ర ఈస్ట్‌తో పులియబెట్టిన బియ్యం)లోని మోనకొలిన్ కె, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన లోవాస్టాటిన్, రెండూ ఒకటే పదార్థం! స్టాటిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి పోవద్దు.

రెండు మూడు నెలలయ్యాక మళ్లీ లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకోండి.