చార్టు అక్షానికి తగిన స్కేలు లెక్కించడం ఎలా?

బడిలో గ్రాఫు కాగితం మీద ఎక్స్-అక్షం, వై-అక్షం గీసిన తరువాత కుడివైపు పై మూలన "స్కేలు: వై-అక్షంపై 1 సెం.మీ. = 5 యూనిట్లు" అని రాసేవాళ్లం. ఆ 5ను ఏ సూత్రంతోనూ రాబట్టలేదు. దత్తాంశాన్ని ఒకసారి పరికించి, కాగితంలో పట్టేదీ చదవడానికి సులువైనదీ అయిన సంఖ్యను కంటితోనే ఎంచుకునేవాళ్లం. సాఫ్ట్‌వేర్‌లో చార్టు గీసేటప్పుడు ఆ ఎంపికను ప్రోగ్రామే చేయాలి కాబట్టి దానికి లెక్క కావాలి.

శ్రీశైలం జలాశయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. మన దగ్గరున్న రోజువారీ నీటిమట్టాల్లో కనిష్ఠం 853.2 అడుగులు, గరిష్ఠం 884.6 అడుగులు అనుకుందాం. నేను మొదట రాసిన ప్రోగ్రాం వ్యాప్తిని, అంటే గరిష్ఠ కనిష్ఠాల తేడా అయిన 31.4ను, నేరుగా 5 భాగాలు చేసి, 853.20, 859.48, 865.76, 872.04 అంటూ అక్షం పక్కన అంకెలు వేసింది. లెక్కలో తప్పేమీ లేదు. అయితే రెండు గీతల నడుమ ఉన్న బిందువు విలువ ఎంతో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అక్షం ఉన్నదే ఆ విలువ చెప్పడానికి కాబట్టి, ఆ చార్టు పనికిరానిదే.

గీతకూ గీతకూ మధ్య దూరాన్ని మెట్టు అందాం. మెట్టు ఎప్పుడూ 1, 2, 5లలో ఒకటిగానో, వాటిని 10, 100, 0.1 వంటి పది ఘాతాలతో గుణిస్తే వచ్చే సంఖ్యగానో ఉండాలి. 10, 20, 50, 100, 200, 500 రూపాయల నోట్ల వరుస కూడా ఇదే. రోజూ చేతిలో ఆడే సంఖ్యలు కాబట్టి వీటి గుణిజాలను మనసు తడుముకోకుండా అందుకుంటుంది.

ముందుగా ఎన్ని గీతలు పడతాయో చూడాలి. దీనిని స్థిరంగా 5 అనో 10 అనో పెట్టడం కన్నా చార్టు ఎత్తును బట్టి నిర్ణయించడం మేలు. ఎత్తు 250 పిక్సెళ్లు ఉండి, గీతకు 50 పిక్సెళ్లు కేటాయిస్తే 5 మెట్లు వస్తాయి. తెలుగు లేబుళ్లకు ఒత్తులు, గుడులు ఉంటాయి గనుక, ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎడం "లక్షలు" వంటి మాటకు ఇరుకవుతుంది. కాస్త ఎక్కువ చోటు వదలాలి.

ఇప్పుడు వ్యాప్తిని మెట్ల సంఖ్యతో భాగిస్తే ముడి మెట్టు వస్తుంది: 31.4 ÷ 5 = 6.28. దాని సంవర్గమానాన్ని పది ఆధారంగా తీసుకుని, కింది పూర్ణాంకానికి దించితే పది ఘాతం తెలుస్తుంది. ఇక్కడ అది 0, అంటే ఆ ఘాతపు విలువ 1. ముడి మెట్టును ఆ ఘాతపు విలువతో భాగించినప్పుడు 1కీ 10కీ మధ్య ఒక సంఖ్య మిగులుతుంది. అది 1.5 కన్నా తక్కువైతే 1, 3 కన్నా తక్కువైతే 2, 7 కన్నా తక్కువైతే 5, ఆపైన అయితే 10 అని తీసుకుని, మళ్లీ అదే ఘాతపు విలువతో గుణించాలి. 6.28 మూడో వర్గంలో పడుతుంది గనుక మన మెట్టు 5 అడుగులు. ఈ హద్దులు 1990లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ హెక్‌బర్ట్ ప్రచురించిన పద్ధతిలోనివి. చార్టులు గీయడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ డీ3 వీటికి బదులు 2, 10, 50ల వర్గమూలాలను వాడుతుంది. తేడా స్వల్పమే. హెక్‌బర్ట్ మాత్రం ముందు వ్యాప్తినే పైకి సవరించి, ఆ తరువాత భాగిస్తారు. ఆ దారిలో వెళితే 31.4 కాస్తా 50 అయి, మెట్టు 10 అడుగులవుతుంది. నీటిమట్టం విషయంలో అడుగు తేడా కూడా ముఖ్యమే కాబట్టి నేను ఆ తొలి సవరణను వదిలేస్తాను.

అక్షం మొదలు కోసం కనిష్ఠాన్ని మెట్టుతో భాగించి కింది పూర్ణాంకానికి దించాలి, చివర కోసం గరిష్ఠాన్ని భాగించి పై పూర్ణాంకానికి పెంచాలి. 853.2 ÷ 5 = 170.64, దించితే 170, అంటే 850 అడుగులు. 884.6 ÷ 5 = 176.92, పెంచితే 177, అంటే 885 అడుగులు. చార్టు మీద పూర్తిస్థాయి మట్టాన్ని సూచించే ఎర్రగీత కూడా గీయదలిస్తే అది సరిగ్గా చార్టు పై అంచున పడి కనబడకుండా పోతుంది. అటువంటప్పుడు ఒక మెట్టు కలిపి 890 వరకు తీసుకెళ్లాలి. కింది పూర్ణాంకానికి దించడమంటే దశాంశ భాగాన్ని కత్తిరించడం కాదని కూడా గుర్తుంచుకోవాలి. కనిష్ఠం -7, మెట్టు 5 అయితే భాగఫలం -1.4. కత్తిరిస్తే -1 వచ్చి అక్షం -5 దగ్గర మొదలవుతుంది, -7 చార్టు బయట పడుతుంది. దించితే -2 వచ్చి అక్షం సరిగా -10 దగ్గర మొదలవుతుంది.

పైన చెప్పినదంతా రేఖా చార్టుకు సరిపోతుంది. కమ్మీ చిత్రానికి మాత్రం అక్షం సున్నా నుంచే మొదలు కావాలి, ఇందులో మినహాయింపు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. కమ్మీలో కంటికి కనిపించేది పొడవు. 850 దగ్గర మొదలుపెట్టి 854కూ 885కూ కమ్మీలు గీస్తే ఒకటి 4 అడుగులు, మరొకటి 35 అడుగులు అవుతాయి. నాలుగు శాతం కూడా లేని తేడా దాదాపు తొమ్మిది రెట్లుగా కనిపిస్తుంది. చూసేవారిని అలా తప్పుదోవ పట్టించే హక్కు మనకు లేదు.

ప్రోగ్రాంలో అసలు చిక్కు దశాంశాలతో వస్తుంది. కంప్యూటరు 0.1ను ద్విసంఖ్యామానంలో కచ్చితంగా దాచలేదు. సున్నా దగ్గరున్న మొదటి గీత నుంచి 0.1 చొప్పున పదిసార్లు కలుపుకుంటూ పోతే 1కి బదులు 0.9999999999999999 వస్తుంది, చివరి గీత మాయమవడమో అదనంగా ఒకటి పడడమో జరుగుతుంది. కాబట్టి కలుపుకుంటూ పోకుండా, గీతలను పూర్ణాంకాలతో లెక్కించి ఒక్కోదాన్ని విడిగా కట్టాలి. మెట్టు 1 కన్నా తక్కువైతే 3ను 0.1తో గుణించే బదులు 10తో భాగించాలి. గుణిస్తే 0.30000000000000004 వస్తుంది, భాగిస్తే 0.3 వస్తుంది. అలాగే 0.3ను 0.1తో భాగిస్తే 2.9999999999999996 వచ్చి, దించినప్పుడు 2 అవుతుంది, అక్షం అనవసరంగా 0.2 దగ్గర మొదలవుతుంది. భాగఫలం ఏదైనా పూర్ణాంకానికి అత్యంత సమీపంలో ఉంటే ముందు దాన్ని ఆ పూర్ణాంకంగా సవరించాలి.

రూపాయల చార్టుల్లో మరొక మాట. గరిష్ఠ అమ్మకం 3,42,000 అయితే మెట్టు 50,000, అక్షం 3,50,000 దాకా. లక్ష, కోటి రెండూ పది ఘాతాలే కాబట్టి మెట్టు లెక్క మారదు, మారేది లేబులు మాత్రమే. లేబుళ్లను లక్షల్లో చూపదలిస్తే మెట్టు 0.5 అవుతుంది గనుక అన్నింటికీ ఒకే దశాంశ స్థానం ఉంచి 0.5, 1.0, 1.5 అని రాయాలి. కామాలు మూడేసి అంకెలకు పడకుండా భారతీయ పద్ధతిని ఎంచుకోవాలి.

కాలాన్ని చూపే అక్షానికి 1, 2, 5 వరుస పనికిరాదు. నిమిషాలకు 5, 15, 30, గంటలకు 3, 6, 12 వంటి మెట్లను ముందే పట్టికగా ఉంచుకుని, ముడి మెట్టుకు దగ్గరి దాన్ని తీసుకోవాలి.

విలువలన్నీ ఒకటే అయితే వ్యాప్తి సున్నా అవుతుంది, సున్నాకు సంవర్గమానం లేదు కాబట్టి ప్రోగ్రాం అక్కడే దెబ్బతింటుంది. జలాశయం వారం రోజులు 885 అడుగుల దగ్గరే నిలిస్తే ఇదే జరుగుతుంది. అప్పుడు లెక్కకు పోకుండా మెట్టును 1గా తీసుకుని, ఆ విలువకు అటూ ఇటూ రెండేసి మెట్లు ఇచ్చి, 883 నుంచి 887 వరకు అక్షం గీయాలి.