కుంపిణీ రాగి నాణెం చేతికొస్తే ఏం చేయాలి?

భోషాణం అడుగున కుంపిణీ (ఈస్ట్ ఇండియా కంపెనీ) కాలపు రాగి నాణెం దొరికితే చింతపండు పట్టించి తోమకండి. పైనున్న గోధుమరంగు పొర మురికి కాదు, లోపలి రాగిని కాపాడుతున్న పూత. పులుపు తగిలితే ఆ పూతా, సన్నటి అక్షరాల అంచులూ పోతాయి, మళ్లీ రావు.

ముందు నాణేన్ని చదవండి. అంచులు మాత్రమే పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరిచి, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా చూడండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. మద్రాసు ప్రెసిడెన్సీ కాసుల్లో కొన్నిటి మీద 1803 లేదా 1808 అని ఉంటుంది. ఇవి బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో దాని యజమాని మాథ్యూ బౌల్టన్ కొట్టించినవి. 10, 20 కాసుల నాణేలకు ఒకవైపు డాలును చెరోపక్క పట్టుకున్న సింహాలు, రెండోవైపు పారసీ రాత, దాని కింద రోమన్ అంకెల్లో విలువ. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. ఉత్తర సర్కారుల (నేటి కోస్తాంధ్రలో చాలా భాగం) కోసం 1794, 1797 సంవత్సరాలతో వచ్చినవి వేరు. వాటి మీద రూపాయికి 48 అనో 96 అనో ఉంటుంది. మన జిల్లాల చరిత్ర కాబట్టి ఇవి దొరికితే మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

తర్వాత తూకం. గ్రాములో నూరో వంతు చూపే కాటా కావాలి. 20 కాసుల నాణెం దాదాపు 9.3 గ్రాములు, అడ్డంగా 31 మిల్లీమీటర్లు. 10 కాసులది బరువులో అందులో సగం. అరుగుదలకి కొంత తగ్గడం మామూలే. అక్షరాలు స్పష్టంగా ఉండి కూడా గ్రాముకి పైగా తేడా వస్తే పోతపోసిన నకలని అనుమానించండి. అలాంటిదాని మీద చిన్న చిన్న బుడగల గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. అయస్కాంతానికి అంటుకుంటే అది రాగే కాదు.

రాముడో హనుమంతుడో ఉండి, ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, అర అణా’ అని రాసున్నవి కుంపిణీ నాణేలు కావు. తర్వాతి కాలంలో తయారైన బిళ్లలు. లక్షలు పలుకుతాయన్న మాట నమ్మి మోసపోకండి.

దుమ్ముంటే మెత్తటి పొడి కుంచెతో దులపండి. మట్టి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. గట్టిగా అంటుకున్న ముదురాకుపచ్చ పొరతో భయం లేదు. లేతాకుపచ్చ మచ్చ లేచి, పుల్లతో తాకగానే పొడిగా రాలితే మాత్రం అది జబ్బే. రాగిలో చేరిన క్లోరైడ్ ఉప్పు గాలిలో తేమతో కలిసి నాణేన్ని తినేస్తోందన్నమాట. వెంటనే దాన్ని విడిగా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికలు) పెట్టి మ్యూజియం కన్జర్వేటర్‌కి (పాత వస్తువుల్ని కాపాడే నిపుణుడికి) చూపించండి. పైపొడి తుడిచేసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది.

దాచడానికి పీవీసీ కవర్లు పనికిరావు; కొన్నేళ్లకి వాటిలోంచి జిగట ఊరి నాణేనికి పచ్చగా పడుతుంది. ఆమ్లం లేని కాగితం కవరు మంచిది. దాని మీద బరువు, కొలత, ఏ ఊళ్లో ఎవరింట్లో దొరికిందీ పెన్సిల్‌తో రాయండి. ఈ వివరం లేని నాణేనికి మ్యూజియంలో సగం విలువే.

భూమిలో కుండతో సహా దొరికితే పంచుకోకండి, కడగకండి. కుండ పెంకులతో సహా ఒకేచోట ఉంచండి. ఏయే నాణేలు కలిసి ఉన్నాయన్నదాన్ని బట్టే ఎప్పుడు పాతిపెట్టారో తెలుస్తుంది. పైగా 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటిన నిధి ఏదైనా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి.