దూది పట్టుకునే ముందు: ‘నైట్ వాచ్’ చూపిన పద్ధతిలో పాత చిత్రాన్ని పరిశోధించడం, బాగుచేయడం

ప్రసిద్ధి పొందిన పాత తైలవర్ణ చిత్రాన్ని బాగుచేయడం అనగానే దూది, ద్రావకం, సన్నని కుంచె గుర్తుకొస్తాయి. నిజానికి అవి చివరన వచ్చేవి. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరపు రైక్స్‌మ్యూజియంలో, డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పౌరసైనికుల దళాన్ని చూపుతూ వేసిన ‘నైట్ వాచ్’ (1642) మీద 2019 జూలైలో పరిశోధన మొదలైంది. పాత వార్నిష్ (రంగుల మీద వేసే పారదర్శక పూత) తొలగించే పని 2024 నవంబరులో ప్రారంభమైంది. అంటే, వార్నిష్ మీద చేయి వేయడానికి ముందు ఐదేళ్లకు పైగా చూడడమే జరిగింది. ఈ పని నేర్చుకోదలచినవారు ముందుగా ఈ నిష్పత్తిని మనసులో పెట్టుకోవాలి.

మొదట చిత్రం జీవితచరిత్రను తేదీలవారీగా రాసుకోవాలి. ఎవరి కోసం వేశారు, ఏ గోడ మీద ఉండేది, ఎప్పుడు తరలించారు, ఎవరు శుభ్రం చేశారు, ఏ దెబ్బలు తగిలాయి అన్నవన్నీ అందులో ఉండాలి. ‘నైట్ వాచ్’ను 1715లో ఆమ్‌స్టర్‌డామ్ పురమందిరానికి (టౌన్ హాల్) తరలించినప్పుడు, అక్కడి గోడకు సరిపోవడం కోసం నాలుగు వైపులా కత్తిరించారు, ఎడమ వైపు భాగంతో పాటు ఇద్దరు పౌరసైనికులు, ఒక పిల్లవాడు పోయారు. 1975లో ఒక వ్యక్తి కత్తితో కాన్వాసును చీల్చాడు. 1990లో మరొకరు ఆమ్లం చల్లగా, కాపలాదారు వెంటనే నీళ్లు పోయడంతో నష్టం వార్నిష్ వరకే ఆగింది. ఈ వివరాలు తెలియకపోతే, తర్వాత యంత్రం చూపే ప్రతి గీతా, ప్రతి మచ్చా చిత్రకారుడిదేనని పొరబడే ప్రమాదం ఉంది. పాత నకళ్లు దొరికితే అవి అమూల్యమైన సాక్ష్యాలు. కత్తిరించక ముందు ఈ చిత్రం ఎలా ఉండేదో మనకు తెలియడానికి ముఖ్య ఆధారం, 17వ శతాబ్దంలోనే హెరిట్ లుండెన్స్ వేసిన చిన్న ప్రతి. అయితే నకలు వేసినవారికీ తమ సొంత శైలి ఉంటుందని మరవకూడదు.

ఆ తర్వాత వెలుతురుతో పని. దీపాన్ని పక్క నుంచి, దాదాపు చిత్రానికి సమాంతరంగా పెడితే ముడతలు, లేచిన రంగు పెచ్చులు, పాత అతుకులు నీడలతో సహా బయటపడతాయి. అతినీలలోహిత కాంతిలో పాత వార్నిష్ ఆకుపచ్చ ఛాయతో మెరుస్తుంది, దాని మీద తర్వాత వేసిన దిద్దుబాట్లు నల్లటి మచ్చలుగా కనిపిస్తాయి. పరారుణ కాంతి కొన్ని రంగుల గుండా దూరి అడుగున ఉన్న నల్లని గీతలను చూపిస్తుంది. ఎక్స్-రేలో సీసం తెలుపు (సీసంతో చేసిన తెల్ల రంగు) ఎక్కడెక్కడ మందంగా ఉందో తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పేది మూలకాల పటం. ఎక్స్-రే కిరణాన్ని చిత్రం మీద చుక్క చుక్కగా నడిపిస్తే, ప్రతి చోటా ఉన్న మూలకాలు తమ తమ గుర్తింపు కిరణాలను తిరిగి పంపుతాయి. పాదరసం ఉన్న చోట సిందూరపు ఎరుపు, కోబాల్ట్ ఉన్న చోట ఒకప్పటి నీలం ఉండవచ్చునని ఊహించవచ్చు. ఆ నీలం నేడు కంటికి బూడిదరంగుగా కనిపించినా సరే. ‘నైట్ వాచ్’ అంతటినీ ఇలా నమోదు చేయడానికి 56 స్కానులు, ఒక్కొక్కదానికి 24 గంటలు పట్టాయి. ఫలితం ఆ శ్రమకు తగినట్టే వచ్చింది. రెంబ్రాంట్ సుద్ద ఎక్కువగా కలిపిన రంగుతో వేసుకున్న తొలి రేఖలు, సుద్దలో కాల్షియం ఉంటుంది కనుక, కాల్షియం పటంలో కనిపించాయి. ఒక సైనికుడి శిరస్త్రాణం మీద ముందు ఈకలు వేసి, తర్వాత మనసు మార్చుకుని కప్పేసిన సంగతీ బయటపడింది. నాలుగు వందల ఏళ్ల కిందటి చిత్రకారుడి ఆలోచన మారిన క్షణాన్ని చూడగలగడం ఈ పనిలో దక్కే గొప్ప భాగ్యం.

స్కాను జవాబు చెప్పలేని ప్రశ్న మిగిలినప్పుడే నమూనా తీయాలి. అది కంటికి ఆననంత చిన్నదిగా, ఇప్పటికే రంగు ఊడిన చోటు అంచు నుంచి తీసినదై ఉండాలి. దాన్ని రెసిన్‌లో (గట్టిపడే పారదర్శక పదార్థం) పోతపోసి, నున్నగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెడితే పొరలన్నీ వరుసగా కనిపిస్తాయి. రెంబ్రాంట్ కాన్వాసుకు మామూలు జిగురు బదులు సీసం కలిసిన నూనె పట్టించాడని 2023లో వెల్లడైంది ఇలాంటి ఒక నమూనాతోనే. చెమ్మ నుంచి కాపాడడానికే అలా చేసి ఉండవచ్చు.

నమోదు విషయంలో పొదుపు పనికిరాదు. 2022లో విడుదలైన ‘నైట్ వాచ్’ ఛాయాచిత్రాన్ని 8,439 ఫొటోలు కలిపి రూపొందించారు. అందులో 717 బిలియన్ పిక్సెళ్లు ఉన్నాయి. రేపు ఒక చిన్న పగులు కనిపిస్తే, అది పాతదా, మన చేతిలో వచ్చినదా అని తేల్చేది అలాంటి రికార్డే.

రంగు జోలికి వెళ్లే ముందు గుడ్డను, చట్రాన్ని సరిచేయాలి. ఈ చిత్రం ఎడమ పైమూలలో ముడతలు పడ్డాయి. గాలిలోని తేమకు కొయ్య చట్రం ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది కనుక, 2022లో దాన్ని తీసి, తేమకు స్పందించని కొత్త చట్రం మీద కాన్వాసును బిగించారు.

వార్నిష్ తీయడం ముందుగా అంచున, చిన్న చదరంలో పరీక్షించి చూశాకే మొదలుపెట్టాలి. ‘నైట్ వాచ్’ మీద కొద్దిపాటి ద్రావకం పీల్చుకున్న మెత్తని గుడ్డముక్కను కొద్దిసేపు ఉంచి, వార్నిష్ మెత్తబడ్డాక మిగిలినదాన్ని దూదితో తీస్తున్నారు. దూది పసుపుగానో గోధుమరంగుగానో మారితే సరే. చిత్రంలోని రంగు ఏమాత్రం అంటినా ఆ క్షణమే ఆపాలి. తక్కువ శుభ్రం చేసిన చిత్రాన్ని తర్వాతి తరం సరిచేయగలదు, ఎక్కువ రుద్దినదాన్ని ఎవరూ సరిచేయలేరు. ఇంట్లో తాతల నాటి తైలవర్ణ చిత్రం ఉన్నవారు కూడా దాన్ని తడిగుడ్డతో తుడవకూడదు. పగుళ్లలోంచి దిగిన నీరు అడుగునున్న జిగురును ఉబ్బించి రంగును పెచ్చులుగా లేపుతుంది.

రంగు దిద్దేటప్పుడు ముందు ఒక పలుచని వార్నిష్ పొర వేసి, దాని మీద, రంగు ఊడిన చోట మాత్రమే, సులభంగా తొలగించగల రంగులతో దిద్దాలి. పోయిన పెద్ద భాగాలను ఊహించి అసలు చిత్రం మీద వేయడం తగదు. 1715లో కత్తిరించిన అంచులను 2021లో లుండెన్స్ ప్రతి ఆధారంగా కంప్యూటర్‌తో పునర్నిర్మించి, విడి పలకల మీద ముద్రించి, అసలు చిత్రం చుట్టూ కొన్ని నెలలు అమర్చి, ఆపై తీసివేశారు. ఏ చదరంలో ఏ ద్రావకం వాడారో, ఎంతసేపు ఉంచారో, ఏ రంగుతో ఎక్కడ దిద్దారో ఏ రోజుకారోజు రాసి, తీసిన నమూనాలతో పాటు మ్యూజియంలో భద్రపరచాలి. ఈ చిత్రాన్ని మళ్లీ విప్పవలసిన సంరక్షకుడు మొదట తెరిచేది ఆ పుస్తకమే.