బ్రిటిష్ రాజవంశ వారసత్వ స్థలాలకు గైడెడ్ టూర్: ఎంచుకునే పద్ధతి, చూసే పద్ధతి

బ్రిటన్‌లోని రాజప్రాసాదాలను, కోటలను చూపిస్తామని టూర్ కంపెనీలు ఇచ్చే ప్రణాళికలు దాదాపు ఒకేలా ఉంటాయి. టవర్ ఆఫ్ లండన్, వెస్ట్‌మినిస్టర్ అబే, బకింగ్‌హామ్ ప్యాలెస్, విండ్సర్ కోట, ఎడిన్‌బరో కోట అన్న పేర్లు వరుసగా కనిపిస్తాయి. వీటిలో ఏ స్థలానికి లోపలికి తీసుకువెళతారో, ఏ స్థలం ముందు బస్సు పది నిమిషాలు ఆపి ఫొటోలు తీసుకోమంటారో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందువల్ల డబ్బు కట్టే ముందు మూడు విషయాలు లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి: ఒక్కో స్థలం లోపల ఎన్ని గంటలు గడుపుతారు, అక్కడ చరిత్ర వివరించేది ఎవరు, ఈ స్థలాలన్నిటినీ కలిపే కథ ఏది. మూడో ప్రశ్నను చాలామంది అడగరు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ముందు కథ, తరువాత స్థలాలు

ఒక ఉదాహరణ చెబుతాను. లండన్‌లోని వైట్‌హాల్ వీధిలో బాంక్వెటింగ్ హౌస్ అనే భవనం ఉంది. ఇనిగో జోన్స్ రూపకల్పన చేయగా 1622లో పూర్తయిన ఆ మందిరం పైకప్పుకు రూబెన్స్ చిత్రాలున్నాయి. తన తండ్రి జేమ్స్ రాజు కీర్తిని చాటడానికి మొదటి చార్లెస్ వాటిని గీయించాడు. 1649 జనవరి 30న అదే చార్లెస్ ఆ చిత్రాల కింద నుంచే నడిచి, ఆ భవనం వెలుపల కట్టిన వేదిక మీద శిరచ్ఛేదానికి గురయ్యాడు. రాచరికాన్ని రద్దు చేసిన పార్లమెంటు పాత రాజచిహ్నాలను కరిగించి అమ్మివేసింది. అందుకే టవర్ ఆఫ్ లండన్‌లో మనం చూసే పట్టాభిషేక సామగ్రిలో ప్రధానమైనవి 1661లో రెండో చార్లెస్ కోసం కొత్తగా చేయించినవి. వాటి మధ్య పన్నెండో శతాబ్దానికి చెందిన అభిషేకపు చెంచా ఒకటి ఆ విధ్వంసాన్ని తప్పించుకుని మిగిలి ఉంది. ఇక రాజు దేహం విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో, ఎనిమిదో హెన్రీని, ఆయన మూడో భార్య జేన్ సీమోర్‌ను ఉంచిన నేలమాళిగలోనే ఉంది. పైన నేల మీద నల్ల చలువరాతి పలక తప్ప మరే ఆర్భాటమూ లేదు. ఈ మూడు స్థలాలనూ ఈ క్రమంలో చూసిన వ్యక్తికి ఒక యుగం అర్థమవుతుంది, విడివిడిగా చూసిన వ్యక్తికి మూడు భవనాలు మాత్రమే మిగులుతాయి.

ఇలాంటి దారులు మరికొన్ని ఉన్నాయి. ఎనిమిదో హెన్రీ పుట్టిన ట్యూడర్ వంశపు రాజుల మీద ఆసక్తి ఉంటే హాంప్టన్ కోర్ట్, టవర్, వెస్ట్‌మినిస్టర్ అబే చాలు. స్కాట్లాండ్ రాణి మేరీ జీవితాన్ని అనుసరించాలంటే ఆమె 1542లో జన్మించిన లిన్‌లిత్‌గో ప్యాలెస్‌తో మొదలుపెట్టి, స్టర్లింగ్, ఎడిన్‌బరోల మీదుగా, కొడుకు తన తల్లి దేహాన్ని తరలించి సమాధి కట్టించిన వెస్ట్‌మినిస్టర్ అబేలో ముగించవచ్చు. విక్టోరియా రాణి కోసం వెళ్లేవారికి ఆమె 1819లో పుట్టిన కెన్సింగ్టన్ ప్యాలెస్, 1901లో కన్నుమూసిన ఆజ్‌బోర్న్ హౌస్ రెండు కొసలు. ఏ కథ కావాలో ముందే తేల్చుకుని టూర్ కంపెనీతో మాట్లాడితే, వారి జాబితాలో మీకు అనవసరమైనవి ఏవో వెంటనే తెలిసిపోతాయి.

గైడు ఎవరు

టూర్ మేనేజరు వేరు, గైడు వేరు. హోటల్ గదులు, బస్సు సమయాలు, సామాను చూసుకునే మేనేజరే చరిత్ర కూడా చెబుతాడని కొన్ని చవక ప్యాకేజీలు సూచనగా రాస్తాయి. బ్రిటన్‌లో వృత్తి గైడ్లకు బ్లూ బ్యాడ్జ్ అనే గుర్తింపు ఉంది. దీర్ఘకాల శిక్షణ పొంది, రాత పరీక్షలతో పాటు ఆయా స్థలాల్లోనే నిర్వహించే ప్రత్యక్ష పరీక్షల్లో ఉత్తీర్ణులైన వారికే దాన్ని ఇస్తారు. కాబట్టి టవర్, అబే, విండ్సర్ వంటి చోట్ల బ్లూ బ్యాడ్జ్ గైడు ఉంటారా అని సూటిగా అడగండి. బృందంలో ఎంతమంది ఉంటారన్నదీ అంతే ముఖ్యం. ఇరవై మంది దాటితే గైడు మాట వెనక నిలబడినవారికి చేరదు, అప్పుడు చెవిలో పెట్టుకునే శ్రవణ పరికరాలు ఇస్తారో లేదో కనుక్కోవాలి.

కొన్ని చోట్ల ఆ స్థలానికే చెందిన మార్గదర్శకులు ఉంటారు, వారిని వదులుకోకూడదు. టవర్‌లో యోమన్ వార్డర్లు నడిపించే పర్యటన ప్రవేశ టికెట్‌లోనే భాగం. వీరు సైన్యంలో కనీసం 22 ఏళ్లు సేవ చేసినవారు, కుటుంబాలతో కోట లోపలే నివసిస్తారు. వెస్ట్‌మినిస్టర్ అబేలో వర్జర్లు అనే ఆలయ సేవకులు కొద్దిపాటి అదనపు రుసుముతో చిన్న బృందాలను నడిపిస్తారు. మామూలు సందర్శకులు దూరం నుంచి చూసి వెళ్లిపోయే పదకొండో శతాబ్దపు రాజు ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ సమాధి మందిరంలోకి వారితో అడుగుపెట్టవచ్చు. మీ టూర్ ప్రణాళికలో ఇది లేకపోతే ఒక పూట ఖాళీ అడిగి తీసుకుని మరీ వెళ్లండి.

తేదీలు

వీటిలో కొన్ని ఈనాటికీ రాజు వాడుతున్న నివాసాలు, కనుక తలుపులు ఆయన కార్యక్రమాలను బట్టి తెరుచుకుంటాయి. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోని 19 రాజమందిరాలను ప్రధానంగా జులై నుంచి సెప్టెంబరు వరకే చూపిస్తారు. ఏప్రిల్‌లో బయలుదేరే టూర్‌లో బకింగ్‌హామ్ అని రాసి ఉంటే అది చాలావరకు గేటు దగ్గరి దర్శనమే అనుకోవాలి. విండ్సర్ కోట మామూలుగా మంగళ, బుధవారాల్లో మూసి ఉంటుంది. సెయింట్ జార్జ్ చాపెల్‌లోకి ఆదివారం ప్రార్థనకు వచ్చేవారినే తప్ప సందర్శకులను అనుమతించరు. వెస్ట్‌మినిస్టర్ అబే కూడా ఆదివారం ప్రార్థనలకే. జూన్‌లో గార్టర్ (రాజు ఇచ్చే అత్యున్నత వీర గౌరవం) ఉత్సవం జరిగే సోమవారం విండ్సర్‌లోను, జూన్ చివర లేదా జులై మొదట్లో రాజు ఎడిన్‌బరోలో బస చేసే వారం అక్కడి రాజప్రాసాదమైన హోలీరూడ్‌హౌస్‌లోను సందర్శకులకు ప్రవేశం ఉండదు. విదేశాధినేతల రాక వల్ల కూడా మందిరాలు హఠాత్తుగా మూతపడతాయి. బాంక్వెటింగ్ హౌస్ ఏడాదంతా తెరిచి ఉండదు. ఇన్ని చిక్కులున్నాయి కాబట్టి ప్రణాళిక చేతికి రాగానే ప్రతి తేదీ పక్కన వారం పేరు రాసుకుని, ఆయా స్థలాల అధికారిక వెబ్‌సైట్లతో సరిచూడడం మీ పనే అనుకోండి. వాతావరణం, రద్దీ, పగటి వెలుగు మూడూ కలిసొచ్చేది మే నెలలో, సెప్టెంబరులో. సెప్టెంబరు మొదట్లో వెళితే బకింగ్‌హామ్ లోపలి భాగం కూడా దక్కుతుంది.

లోపల ఏం చూడాలి

టవర్‌కు తలుపులు తెరిచే వేళకే చేరుకుని, నేరుగా జ్యూయెల్ హౌస్‌కు వెళ్లాలి. పదకొండు గంటలు దాటితే అక్కడి వరుస ప్రాకారం పొడవునా సాగుతుంది. లోపల కిరీటాలున్న అద్దాల పెట్టెలకు ఇరువైపులా నేల తనంతట తాను కదులుతూ మనల్ని ముందుకు తీసుకుపోతుంది. రద్దీ లేనప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ ఎక్కవచ్చు, ఉదయమే వెళ్లమనడానికి అసలు కారణం అదే. రాజదండంలో 530 క్యారెట్ల కల్లినన్ వజ్రం ఉంది. 1937 నాటి రాజమాత కిరీటంలో కోహినూర్ ఉంది. 1849లో పంజాబును కలిపేసుకున్నప్పుడు బాలరాజు దులీప్ సింగ్ చేత ఒప్పందం మీద సంతకం చేయించి దాన్ని తీసుకున్నారు. 1852లో లండన్‌లో తిరిగి సానబట్టడంతో అది 186 క్యారెట్ల నుంచి సుమారు 105కు తగ్గింది. ఈ రాయి ముందు నిలబడే మనవారికి ఆ చరిత్ర తెలిసి ఉండడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఫొటోలకు అక్కడ అనుమతి లేదు. ఆ తరువాత యోమన్ వార్డర్ బృందంలో చేరి, 1536లో ప్రాణం కోల్పోయిన ఆన్ బొలీన్ సమాధి ఉన్న చాపెల్ దాకా నడవండి. నార్మన్ రాజు విలియం మొదలుపెట్టిన వైట్ టవర్‌ను చివరికి ఉంచుకోవచ్చు.

హాంప్టన్ కోర్ట్‌కు ఒక రోజంతా కేటాయించని టూర్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను. కార్డినల్ వోల్సీ కట్టించగా ఎనిమిదో హెన్రీ సొంతం చేసుకున్న ఈ ప్రాసాదానికి రెండు ముఖాలున్నాయి. పడమటి వైపు నుంచి ప్రవేశిస్తే ట్యూడర్ కాలపు ఎర్ర ఇటుక, పొగగొట్టాల వరుసలు కనిపిస్తాయి. తూర్పున ఉద్యానవనంలోకి నడిచి వెనుదిరిగి చూస్తే క్రిస్టఫర్ రెన్ కట్టిన బరోక్ భవనం ఎదురవుతుంది. 1689లో మూడో విలియం, రెండో మేరీ దంపతులు పాతదాన్ని కూల్చి మొత్తం కొత్తగా కట్టాలనుకున్నారు. 1694లో మేరీ మరణించడంతో పని ఆగింది, ఆ ఆగిపోవడమే హెన్రీ ప్రాసాదాన్ని మనకు మిగిల్చింది. లోపలి ప్రాంగణంలో 1540 నాటి ఖగోళ గడియారం ముందు కొంతసేపు ఆగండి. అందులో సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడు, ఎందుకంటే అది కోపర్నికస్ గ్రంథం వెలువడక ముందు తయారైనది. గంట, నెల, చంద్రకళలతో పాటు లండన్ బ్రిడ్జి దగ్గర థేమ్స్ నది ఎప్పుడు పోటెత్తుతుందో కూడా అది చూపుతుంది. పడవల్లో రాకపోకలు సాగించిన రాజాస్థానానికి ఆ సమాచారం నిత్యావసరం. గైడు ఈ గడియారాన్ని దాటేసి నేరుగా వంటశాలలకు తీసుకుపోతుంటే ఆగమని మర్యాదగా అడగండి. వాటర్లూ స్టేషన్ నుంచి రైలులో ముప్పావు గంటలోపే ఇక్కడికి చేరవచ్చు కాబట్టి, టూర్‌లో లేకపోయినా ఖాళీ రోజున సొంతంగా వెళ్లడం కష్టం కాదు.

విండ్సర్‌లో 1992 నవంబరు 20న రేగిన మంటలు వందకు పైగా గదులను దెబ్బతీశాయి. పునరుద్ధరణకు మూడు కోట్ల 65 లక్షల పౌండ్లు ఖర్చయింది. 1993లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌ను తొలిసారి టికెట్ పెట్టి జనానికి తెరిచింది ప్రధానంగా ఈ ఖర్చు కోసమే. సెయింట్ జార్జ్ హాల్‌లో తలెత్తి చూస్తే పచ్చి ఓక్ కలపతో కొత్తగా కట్టిన కప్పు, దాని నిండా గార్టర్ వీరుల చిహ్నాలున్న డాలు ఆకారాలు కనిపిస్తాయి. వాటి మధ్య అక్కడక్కడ ఏ గుర్తూ లేకుండా తెల్లగా వదిలేసినవి ఉన్నాయి. రాజద్రోహం వంటి కారణాలతో ఆ గౌరవం నుంచి వెలివేయబడిన వారి స్థానాలు అవి. రెండో ఎలిజబెత్ సమాధి సెయింట్ జార్జ్ చాపెల్‌లోనే ఉంది, కనుక ఆదివారం కాని రోజే ఎంచుకోవాలి.

లండన్ దాటి

సమయం ఉంటే ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోని ఆజ్‌బోర్న్ హౌస్‌ను కలుపుకోమంటాను. అక్కడి దర్బార్ గదికి పంజాబుకు చెందిన శిల్పి భాయ్ రాం సింగ్ రూపకల్పన చేశాడు. గోడల నుంచి పైకప్పు దాకా అల్లుకున్న ఆ తెల్లని నగిషీ పనిని చూడడానికే ఫెర్రీ ఎక్కి వెళ్లవచ్చు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన బ్రైటన్‌లో నాలుగో జార్జ్ కట్టించుకున్న రాయల్ పెవిలియన్ 1914 నుంచి 1916 వరకు గాయపడిన భారతీయ సైనికులకు ఆసుపత్రిగా పనిచేసింది. టూర్ కంపెనీలు బ్రైటన్‌ను సముద్రతీర విహారంగా చూపించి వదిలేస్తాయి. ఈ భవనం కోసం కనీసం రెండు గంటలు అడగండి.

ఎడిన్‌బరోకు కింగ్స్ క్రాస్ నుంచి రైలులో సుమారు నాలుగున్నర గంటలు. హోలీరూడ్‌హౌస్‌లో మేరీ రాణి భోజనం చేస్తుండగా ఆమె కార్యదర్శి రిచియోను 1566లో ఈడ్చుకుపోయిన చిన్న గదిని, కోటలో అదే ఏడాది ఆమె కొడుకు పుట్టిన ఇంకా చిన్న గదిని ఒకే రోజు చూడండి. స్కాట్లాండ్‌లోనే ఉన్న మరో రాజనివాసం బాల్మోరల్ దూరం ఎక్కువ, చూపించేది తక్కువ. మొదటిసారి వెళ్లేవారు దాన్ని వదిలేయవచ్చు.

ఒప్పందం, వీసా, నడక

ఈ కోటల్లో మలుపు మెట్లు, ఎగుడుదిగుడు రాళ్లు, ఎత్తు పల్లాలు తప్పవు. పెద్దవారితో వెళుతుంటే ఏ స్థలంలో లిఫ్టు ఉందో, ఏ భాగం మెట్ల వల్ల వదులుకోవాలో ముందే అడిగి, వరుసగా రెండు నడక రోజులు రాకుండా చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి స్టాండర్డ్ విజిటర్ వీసా కావాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు పడుతుంది. వీసా రాకపోతే ఎంత సొమ్ము తిరిగి ఇస్తారో రసీదు మీదే రాయించుకోండి. బ్రిటన్‌లోని కంపెనీ దగ్గర ప్యాకేజీ కొంటే అక్కడి 2018 ప్యాకేజీ ప్రయాణ నిబంధనలు వర్తిస్తాయి. విమాన ప్రయాణం కూడా వారే అమ్మితే అటోల్ ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి, ఎందుకంటే కంపెనీ మూతపడినా మీ డబ్బుకు రక్షణ దాని వల్లే. చివరిగా, ఏదైనా ప్రాసాదం అనుకోకుండా మూతపడితే బదులుగా ఏది చూపిస్తారో, దాని లోపలికి టికెట్ ఉందో లేదో ఒప్పందంలో పేరుతో సహా ఉండాలి. ‘సమానమైన మరో ఆకర్షణ’ అన్న మాటతో సరిపెట్టుకోకండి.