కరణం గారి రాతపెట్టె: వయసు, విలువ తేల్చడం

కడప, కర్నూలు పల్లెల్లో పాతిల్లు పంచుకునేటప్పుడు వాలుమూత రాతపెట్టె ఒకటి అటక దిగుతుంటుంది. వంశపారంపర్య కరణీకాలు 1984 దాకా నడిచాయి. కాబట్టి కరణం వాడినదైనంత మాత్రాన నూరేళ్లదని కాదు.

ముందు సొరుగు పూర్తిగా లాగి తిరగేయండి. మూలల్లో డవ్‌టెయిల్ అతుకులు (పావురం తోకలా విచ్చుకుని ఒకదాంట్లో ఒకటి ఇమిడేవి) ఒక్కోటి ఒక్కో కొలతలో ఉండి, పక్కన వడ్రంగి గీసుకున్న గీత కనిపిస్తే చేతిపని. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే మిషన్‌పని. అడుగున ప్లైవుడ్ ఉంటే 20వ శతాబ్దపుది, లేదా తర్వాత మార్చింది. ప్లస్ గాడి స్క్రూలు 1930ల తర్వాతివి. అయితే రిపేరులో బిగించినవీ కావచ్చు, ఒక్క స్క్రూతో తీర్పు చెప్పొద్దు. తాళం చుట్టూ పూడ్చిన పాత రంధ్రాలుంటే తాళం మారినట్టే, విలువ తగ్గుతుంది.

కనబడనిచోట ఒక చుక్క స్పిరిట్ వేయండి. జిగటగా కరిగితే లక్కపాలిష్. దాన్ని గీకించి వార్నిష్ కొట్టించడమే మనవాళ్లు చేసే పెద్ద తప్పు. సిరామరకలతో సహా పాత పైపొరకే ధర. పొడిగుడ్డ చాలు. బండల నేల తేమకు పాడయ్యేది అడుగుభాగమే, చెదలు అక్కడ వెతకండి.

ధరకు అమ్మేవాళ్లు చెప్పే రేటు కాదు, వేలంలో నిజంగా అమ్ముడైన రేటు చూడండి. కనీసం ఇద్దరు వ్యాపారులను విడివిడిగా అడగండి. కలప ఎర్రచందనమని అనుమానమొస్తే బేరానికి ముందే అటవీశాఖను సంప్రదించండి. నూరేళ్లు దాటిన పురావస్తువును 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు.