దారంతో లెక్క రాయడం: ఇంకాల కిపు కట్టే పద్ధతి

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. స్థానవిలువల పాఠం మొదలుపెడితే చాలు, వెనక బెంచీలు ఆవలింతలు మొదలుపెడతాయి. రెండేళ్ల కిందట చాక్‌పీసు పక్కనపెట్టి, ఒక దారపు ఉండ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. ఈ పూట లెక్కలు ముడులతో రాద్దాం అన్నాను. ముందు బెంచీలో పిల్ల వెంటనే అడిగింది, "మరి సున్నాకి ఏ ముడి మేడం?" అని. జవాబు కింద వస్తుంది. ముందు ఆ దారం ఎవరిదో చెప్పాలి.

దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, కుస్కో రాజధానిగా ఇంకాలు పాలించారు. 15వ శతాబ్దంలో ఆ రాజ్యం ఈనాటి కొలంబియా దక్షిణపు అంచు నుంచి చిలీ మధ్య దాకా పాకింది. 30,000 కిలోమీటర్లకు పైగా బాటలు, బాటల వెంట ధాన్యపు గోదాములు, వార్త మోసుకుని పరుగెత్తే చాస్కీలు. ఇంత యంత్రాంగం నడిపినవాళ్లకు మనకు తెలిసిన తరహా లిపి లేదు. ఊళ్లో ఎన్ని కుటుంబాలున్నాయి, రాజ్యం పనికి ఎవరి వంతు ఎన్నాళ్లు, గోదాములో మొక్కజొన్న ఎంత, అన్నీ దారాల మీద ముడులే. ఆ దారాల కుచ్చు పేరు కిపు. వాళ్ల కెచువా భాషలో ఆ మాటకు ముడి అనే అర్థం. కట్టి, చదివి, దాచే ఉద్యోగిని కిపుకమయోక్ అనేవారు. మన ఊరి కరణం లాంటివాడనుకోండి, కాకపోతే చేతిలో కలం ఉండదు.

ఇక పని. ముందు దారం సంగతి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మొదటిసారి మెరుస్తుందని నైలాన్ దారం కొన్నాను. పిల్లలు గంటసేపు కట్టిన ముడులు తెల్లారేసరికి సగం జారిపోయాయి. ఇంకాలు పత్తి నూలు, లేదంటే అల్పకా, లామా అనే ఆండీస్ జంతువుల బొచ్చుతో పేనిన దారం వాడేవారు. రెండూ గరుకుగా ఉండి ముడిని పట్టుకుంటాయి. మీరూ పురి బాగా ఉన్న నూలు దారమే తీసుకోండి. మరీ సన్నదైతే చుట్లు లెక్కపెట్టేసరికి కళ్లు లాగుతాయి. అడ్డంగా పట్టుకునే తల్లిదారం కాస్త లావుది, రెండడుగులు. వేలాడే దారాలు మూడు, ఒక్కొక్కటి అడుగున్నర. మొత్తం వేయడానికి వేరే రంగుది ఇంకొకటి.

వేలాడే దారానికి ఒక కొసన చిన్న ఉంగరంలా కట్టండి. దాన్ని తల్లిదారం మీదుగా చుట్టి, రెండో కొసను ఆ ఉంగరంలోంచి లాగితే బిగుసుకుంటుంది. మూడూ బెత్తెడు దూరంలో కట్టాక, కింద ఒక అట్ట పెట్టి దాని మీద మూడు అడ్డగీతలు గీయండి. పై గీత వందలు, మధ్యది పదులు, అట్టడుగుది ఒకట్లు. అట్ట నా సొంత తెలివి, ఇంకాలది కాదు. ఒకే స్థానం ముడులు అన్ని దారాల మీదా ఒకే ఎత్తులో ఉండాలన్నది మాత్రం వాళ్ల పద్ధతే.

ఉదాహరణకు మూడు ఊళ్ల నుంచి 132, 205, 41 బస్తాల మొక్కజొన్న వచ్చిందనుకుందాం. పై నుంచి కిందికే కట్టాలి. కింద నుంచి మొదలుపెడితే, పైన ముడి వేసేటప్పుడు అంతకుముందు వేసిన ముడులన్నీ చుట్టులో ఇరుక్కుంటాయి.

వందలకు, పదులకు మామూలు ముడే. సూదిలో దారం ఎక్కించి చివర వేస్తామే, అది. 132కి వందల గీత దగ్గర ఒకటి, పదుల దగ్గర పక్కపక్కనే మూడు. తోరం కట్టిన చెయ్యికి ఇది నేర్పక్కర్లేదు.

ఒకట్ల దగ్గరే అసలు పనితనం. అక్కడ రెండుకు రెండు ముడులు వేయరు. ముడి ఒకటే, చుట్లు రెండు. మామూలు ముడికి కొసను చుట్టులోంచి ఒకసారి దూరుస్తాం కదా, ఇక్కడ రెండుసార్లు దూర్చాలి. 205లోని అయిదుకు అయిదుసార్లు. తర్వాత రెండువైపులా మెల్లగా లాగితే చుట్లు బావి గిలకకు చుట్టిన చేంతాడులా వరసగా కూర్చుంటాయి. గబుక్కున లాగారా, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి, ఇక అయిదో ఆరో కట్టినవాడికే తెలియదు. వేలు తడి చేసుకుని, బొటనవేలితో చుట్లను సర్దుతూ లాగండి.

ఇప్పుడు 41. నాలుగు పదులు సరే, చివర ఒకటి ఎలా? ఒక్కసారి దూరిస్తే అది మామూలు ముడే అయిపోతుంది, పదుల ముడికీ దీనికీ తేడా ఉండదు. అందుకని ఒకటికి మాత్రం ఎనిమిది ఆకారపు ముడి వేశారు. కొసను దారం మీదుగా దాటించి చుట్టు చేయండి, వెంటనే దూర్చకుండా దారం వెనక నుంచి తిప్పి ముందుకు తెచ్చి, అప్పుడు దూర్చండి. బిగిస్తే 8 అంకెలా కనిపిస్తుంది. ఈ ఒక్క ముడి చూసినప్పుడు నాకు ఇంకాల మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే ఒకట్ల ముడి వేరేగా ఉంటేనే సంఖ్య ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. ఒకే దారం మీద రెండు సంఖ్యలు కట్టినా కలిసిపోవు.

సున్నాకి ముడి లేదు. 205లో పదుల గీత దగ్గర దారం ఖాళీ. 41కి వందల దగ్గర ఖాళీ. ఆ ఖాళీయే సున్నా, అందుకే ఎత్తులు తప్పకూడదు. ముందు బెంచీ పిల్లకు ఇదే చెబితే, "అంటే సున్నా ఈజీ" అని కూర్చుంది.

మిగిలింది మొత్తం. వేరే రంగు దారాన్ని తల్లిదారానికి కట్టి, కిందికి కాకుండా పైకి పరవండి. దాని మీద వందలకు మూడు ముడులు, పదులకు ఏడు, ఒకట్లకు ఎనిమిది చుట్ల ముడి ఒకటి, అంటే 378. అక్కడ కూడా వందలు తల్లిదారానికి దగ్గరగా, ఒకట్లు దూరంగా. ఇలా పైదారం మీద కింది దారాల మొత్తం ఉన్న కిపులు నిజంగానే దొరికాయి. 1912లో లీలాండ్ లాక్ అనే అమెరికన్ ఈ ముడులు మనలాగే పదుల పద్ధతిలో రాసిన సంఖ్యలని వివరించింది ఇలాంటి కూడికలు సరిపోవడం చూసే. ఆయనా లెక్కల మాస్టారే, ఆ మాట క్లాసులో కాస్త గర్వంగానే చెబుతాను.

పెరూలోని ఇంకావాసి గోదాముల తవ్వకాల్లో కిపులు మిరపకాయలు, వేరుశనగల పక్కనే బయటపడ్డాయి. మన పచ్చడికి దిక్కయిన ఆ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే కాబట్టి పిల్లలు ఈ ముక్క మరిచిపోరు.

అజ్టెక్‌లూ ఇలాగే కట్టారా అని అడుగుతారు. లేదు. మెక్సికోలో వాళ్లు బొమ్మలు వేసేవారు, లెక్క ఇరవైలతో నడిచేది. జెండా 20, ఈకలాంటి గుర్తు 400, సంచి 8,000. అది రంగు పెన్సిళ్లతో ఇంకో రోజు చేయించండి, రెండూ ఒకే పీరియడ్‌లో పెడితే గందరగోళం.

1532లో స్పెయిన్ నుంచి వచ్చిన పిజారో పెరూలోని కహమార్కాలో ఇంకా రాజు అతహువల్పాను పట్టుకున్నాడు. 1583లో పెరూలోని లిమాలో స్పెయిన్ వాళ్ల చర్చి పెద్దలు కిపులను తగలబెట్టమన్నారు. మిగిలినవి వెయ్యి పైచిలుకు.

కట్టాక పక్క గ్రూపుకిచ్చి చదివించండి, మీరు నోరు మెదపకండి. మా క్లాసులో ఒకసారి మొత్తం 378 ఉంటే కింది దారాలు 379 వచ్చాయి. అందరూ పైదారం కట్టినవాణ్ణి తిట్టారు. తీరా వేళ్లతో తడిమి చూస్తే 205 దారంలో అయిదుకు బదులు ఆరు చుట్లు. ఆ బిగిసిన ముడి విప్పడానికి పావుగంట, ఒక పిన్నీసు పట్టాయి. పిన్నీసు మాత్రం ముందే దగ్గర పెట్టుకోండి.